తాగునీటిలో ఏమీ దొరకకపోతే పరిశోధన ఏమవుతుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఎనలిటికల్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, తాగునీటిలో కొత్తగా బయటపడుతున్న రసాయన కాలుష్యాలను గుర్తించడం మీద పీహెచ్‌డీలో చేరారు. మందులు, పురుగుమందులు, పీఫాస్ (సులభంగా విచ్ఛిన్నం కాని ఫ్లోరిన్ రసాయనాలు) అన్నీ కలిపి 45 రసాయనాల జాబితా సిద్ధం చేసుకున్నారు. మీ విభాగంలో ట్రిపుల్ క్వాడ్రుపోల్ ఎల్‌సీ-ఎంఎస్, అంటే ముందే పేరు చెప్పిన రసాయనాలను వెతికి కొలిచే యంత్రం ఉంది, తెలియని వాటినీ కచ్చితమైన ద్రవ్యరాశితో పసిగట్టే హై రిజల్యూషన్ యంత్రం లేదు. ఆ జాబితా సరిపోతుందా, ఆ యంత్రం లేకుండా ఈ అంశం తీసుకోవచ్చా, చివరికి కుళాయి నీటిలో ఏమీ దొరకకపోతే థీసిస్ గతి ఏమిటి అని అడిగారు.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితే మిగతా రెండూ సగం తేలినట్లే.

ఏమీ దొరకకపోవడం కూడా ఫలితమే. దాన్ని ఫలితం అనిపించుకోవడానికి మాత్రం చాలా కష్టపడాలి. "కనబడలేదు" అని రాసే ముందు, ఆ రసాయనం నీటిలో ఉండి ఉంటే మీ పద్ధతికి తప్పకుండా చిక్కేదని నిరూపించాలి. పరీక్షకుడిగా నా దగ్గరికి వచ్చిన థీసిస్‌లలో ఎక్కువ భాగం ఇక్కడే బలహీనంగా ఉంటాయి. పట్టికలో గడిగడికీ "ఎన్‌డీ" (నాట్ డిటెక్టెడ్, కనబడలేదు) అని ఉంటుంది. ఎంత గాఢత ఉంటే కనబడేది, అది మినరల్ వాటర్‌లో తేల్చిన పరిమితా లేక అదే ఊరి నీటిలో తేల్చిందా అని వైవాలో అడిగితే జవాబు రాదు. అలాంటి ఎన్‌డీని నమ్మి ఏ ఇంజినీరూ ఒక నిర్ణయం తీసుకోలేడు, ఏ తల్లీ బిడ్డకు ధైర్యంగా గ్లాసు అందించలేదు.

ముందు మీరు వెతుకుతున్నది ఎంత చిన్న పరిమాణమో మనసుకు పట్టాలి. 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్ర ఒకటి 50 కోట్ల లీటర్ల నీటిలో సమంగా కలిస్తే లీటరుకు ఒక నానోగ్రాము వస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2024 ఏప్రిల్‌లో పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్ అనే రెండు పీఫాస్ రసాయనాలకు తాగునీటిలో విధించిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములు. ఈ స్థాయిలో రసాయనం దారిలో ఎక్కడైనా మాయం కావచ్చు, ఎక్కడి నుంచైనా వచ్చి చేరనూ వచ్చు.

మాయం కావడం సీసాలోనే మొదలవుతుంది. కుళాయి నీటిలో మిగులు క్లోరిన్ ఉంటుంది. మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం వినియోగదారుడి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మీరు వెతికే మందు లీటరుకు 20 నానోగ్రాములు ఉందనుకుంటే, దాన్ని తినేయడానికి పక్కనే 10,000 రెట్ల క్లోరిన్ సిద్ధంగా ఉందన్నమాట. పారాసిటమాల్, సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్ వంటివి క్లోరిన్‌తో చర్య జరుపుతాయి. నమూనా పట్టి, ఐస్ పెట్టెలో పెట్టి, సాయంత్రం ప్రయోగశాలకు తెచ్చేసరికి ఆ చర్య సీసాలో సాగుతూనే ఉంటుంది. అందుకే మందుల నమూనాలకు ఆస్కార్బిక్ ఆమ్లం ముందే సీసాలో వేసి తీసుకెళ్లాలి, ప్రయోగశాలకు వచ్చాక వేస్తే లాభం లేదు. వేసిన తర్వాత అదే సీసా నుంచి కాస్త నీరు తీసి క్లోరిన్ పోయిందో లేదో డీపీడీ రంగు పరీక్షతో అక్కడికక్కడే చూసి నోటు పుస్తకంలో రాయండి. చాలా మంది వేస్తారు గానీ చూడరు.

తర్వాతి గండం సీసా గోడలు, నీటి కాఠిన్యం. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినోలోన్ యాంటీబయాటిక్‌లు కాల్షియం, మెగ్నీషియం అయాన్లతో జట్టు కడతాయి, గాజును అంటుకుంటాయి, వెలుతురుకు విచ్ఛిన్నమవుతాయి. మన బోరు నీళ్ల కాఠిన్యం మీకు తెలిసిందే. ముదురు రంగు సీసా వాడి, రసాయనాలను పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ లోకి పంపే ముందు, ఆ అయాన్లను పట్టేసుకునే ఈడీటీఏ నీటిలో కలపకపోతే ఇవి చేతికి రావు. రికవరీ (కలిపిన రసాయనంలో తిరిగి చేతికొచ్చిన భాగం) 30 శాతమే వచ్చినప్పుడు యంత్రాన్ని తిట్టుకునే వాళ్లను చూశాను. యంత్రం దాకా రసాయనం చేరితే కదా.

చేరాక కూడా ఒక చిక్కుంది. నదీజలంలోని హ్యూమిక్ పదార్థాలు, లవణాలు మీ రసాయనంతో పాటే రసాయనాలను విడదీసే కాలమ్ నుంచి బయటికొచ్చి, అణువులకు విద్యుదావేశం ఇచ్చే ఎలక్ట్రోస్ప్రేలో దాని అయనీకరణాన్ని అణచివేస్తాయి. లీటరు నీటిని కార్ట్రిడ్జ్ గుండా పంపి ఒక మిల్లీలీటరుకు తగ్గిస్తే మీ రసాయనం వెయ్యి రెట్లు చిక్కబడుతుంది, దానితో పాటు ఈ చెత్తా చిక్కబడుతుంది. పీక్ (యంత్రం గీసే సిగ్నల్ శిఖరం) సగానికి పడిపోతే గాఢత సగమే అనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. కాబట్టి స్పైకింగ్ (తెలిసిన మొత్తంలో రసాయనం కలపడం) రెండు చోట్ల చేయండి: కొన్ని నమూనాల్లో వడపోతకు ముందు, కొన్నింటిలో కార్ట్రిడ్జ్ నుంచి రాబట్టిన తర్వాత. మొదటిది మొత్తం నష్టాన్ని చెబుతుంది, రెండోది అణచివేత ఎంతో విడిగా చెబుతుంది. ఈ రెండింటినీ కలిపేసి "రికవరీ 62 శాతం" అని ఒక్క అంకె రాస్తే దోషం ఎక్కడుందో మీకే తెలియదు. డ్యుటీరియం లేదా కార్బన్-13తో గుర్తు పెట్టి, పోలిక కోసం నమూనాలో కలిపే ఇంటర్నల్ స్టాండర్డ్‌లు ఖరీదైనవి, అన్నింటికీ కొనలేరు, అది నాకు తెలుసు. 45 రసాయనాలకు అరకొరగా చేసే బదులు 20 రసాయనాలకు సక్రమంగా కొని చేయమని గట్టిగా చెబుతాను.

ఇక లేనిది వచ్చి చేరే సంగతి. బ్లాంక్ అంటే స్వచ్ఛమైన నీటిని యంత్రంలోకి ఇంజెక్ట్ చేసి చూడటమని చాలా మంది భావన. అసలైన బ్లాంక్ అదే సీసాలో, అదే వాహనంలో, అదే చెరువు గట్టు దాకా వెళ్లి, అక్కడ మూత తీసి, మళ్లీ పెట్టి, అదే కార్ట్రిడ్జ్ గుండా వచ్చిన స్వచ్ఛమైన నీరు. నాకు తెలిసిన ఒక ప్రయోగశాలలో రిజర్వాయరు నమూనాలన్నింటిలోనూ డీట్ అనే దోమల నివారిణి కనబడింది. ప్రయోగశాల బ్లాంక్‌లో లేదు, క్షేత్ర బ్లాంక్‌లో ఉంది. తెల్లవారుజామున నమూనాలు పట్టే కుర్రవాడు చేతులకు దోమల క్రీము రాసుకుని వెళ్లేవాడు. క్షేత్ర బ్లాంక్ లేకపోయి ఉంటే ఆ రిజర్వాయరు మీద ఒక పరిశోధన పత్రం అచ్చయిపోయేది. కెఫీన్‌కు టీ కప్పు, బిస్‌ఫినాల్-ఎ కి ప్లాస్టిక్ గొట్టం, ట్రైక్లోసాన్‌కు చేతుల సబ్బు ఇలాంటి దారులే. నమూనాలు పట్టే రోజు ఎవరు ఏ క్రీము రాసుకున్నారో, ఏ మాత్ర వేసుకున్నారో రాసిపెట్టే అలవాటు మీ బృందానికి మొదటి వారం నుంచే చేయండి.

గుర్తింపు పరిమితిని (ఎంత తక్కువ గాఢత వరకు కనబడుతుందో దాన్ని) సిగ్నల్-నాయిస్ నిష్పత్తి 3 అని ఒక్క ముక్కలో ముగించకండి. కనీసం 7 స్పైక్ నమూనాలను, ఒకే పూట కాకుండా వేర్వేరు రోజుల్లో, మొత్తం పద్ధతి గుండా నడిపి ప్రామాణిక విచలనం తీయండి. 7 నమూనాలకు దాన్ని 3.14తో గుణించాలి. బ్లాంక్‌లో ఆ రసాయనం కొంత ఉంటే పరిమితి బ్లాంక్ విలువల నుంచి రావాలి. అంకె పెరుగుతుంది, పత్రంలో అంత అందంగా ఉండదు. అయినా వైవాలో మిమ్మల్ని నిలబెట్టేది ఆ అంకే.

ఇప్పుడు మీ జాబితా. నిజం చెప్పాలంటే అది యూరప్, అమెరికా పత్రాల నుంచి కూర్చినట్లుంది. జాబితా పుట్టాల్సింది ఆ నీటికి ఎగువన ఏముందో చూసి. దీనికి మన గడ్డ మీదే ప్రపంచమంతా ఉదహరించే సాక్ష్యం ఉంది. 2007లో స్వీడన్‌కు చెందిన యోఆకిం లార్సన్ బృందం హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరులో, సుమారు 90 బల్క్ డ్రగ్ తయారీ సంస్థల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. 2009లో వచ్చిన తదుపరి అధ్యయనంలో దగ్గర్లోని చెరువుల్లో సిప్రోఫ్లాక్సాసిన్‌తో పాటు సెటిరిజిన్ లీటరుకు 1.2 మిల్లీగ్రాముల వరకు కనబడింది. పరీక్షించిన ఆరు గ్రామాల బావులన్నింటిలోనూ మందుల ఆనవాళ్లు దొరికాయి. జలుబుకు, దురదకు వేసుకునే సెటిరిజిన్ తాగునీటి జాబితాలో ముందు వరుసలో ఉండాలని విదేశీ పత్రాలు చదివి ఎవరూ ఊహించలేరు. అక్కడ ఏది తయారవుతోందో తెలిసినవాళ్లకే అది తడుతుంది.

పురుగుమందులదీ అదే వరస. ఐఎస్ 10500 పేర్లు పెట్టి పరిమితులు విధించిన పురుగుమందులు 18. అందులో డీడీటీ, ఆల్డ్రిన్, ఎండోసల్ఫాన్, మోనోక్రోటోఫాస్, అట్రాజిన్ ఉన్నాయి. పత్తికి, మిరపకు మన రైతులు ఏళ్లుగా కొడుతున్న ఇమిడాక్లోప్రిడ్ లేదు. మందులు లేవు, పీఫాస్ లేవు. అంటే "ప్రమాణాల ప్రకారం నీరు సురక్షితం" అని ఇచ్చిన నివేదికలో వీటి ప్రస్తావన ఉండాల్సిన అవసరమే లేదు. మీ పరిశోధన భర్తీ చేయగల ఖాళీ ఇదే అని నా అభిప్రాయం. కాబట్టి ఒక నది, ఒక శుద్ధి కేంద్రం, దాని కింద ఒక పంపిణీ మార్గం ఎంచుకోండి. కేంద్రానికి ఎగువన ఏ పంటలున్నాయి, ఏ పరిశ్రమలున్నాయి, ఏ పట్టణపు మురుగు కలుస్తోంది, ఎరువుల దుకాణాల్లో ఏ డబ్బాలు ఎక్కువ అమ్ముడవుతున్నాయి అనేది తిరిగి చూసి జాబితా మళ్లీ రాయండి. దుకాణదారుడు చెప్పే సమాచారం ఏ డేటాబేస్‌లోనూ ఉండదు. దానికి మూర్ఛ మందు కార్బమజెపిన్‌ను, అసెసల్ఫేమ్ తీపి పదార్థాన్ని తప్పక చేర్చండి. ఇవి రెండూ మామూలు శుద్ధిని చాలా వరకు తట్టుకుని నిలిచేవి. మనుషుల మురుగు ఆ నీటిలో కలిసిందో లేదో వాటిని బట్టి తెలుస్తుంది.

పీఫాస్‌ను ఇదే పద్ధతిలో ఇరికించవద్దు. వాటికి పాలీప్రొపిలిన్ సీసాలు కావాలి, క్లోరిన్‌ను పోగొట్టే పదార్థం వేరు, పొట్టి గొలుసు అణువులను పట్టుకోవడానికి బలహీన ఆనయాన్ (రుణావేశ అయాన్) మార్పిడి కార్ట్రిడ్జ్ కావాలి, ఎల్‌సీ లోపలి టెఫ్లాన్ గొట్టాల నుంచి ఊరే పీఫాస్‌ను వేరు చేయడానికి పంపుకూ ఇంజెక్టరుకూ మధ్య ఇంకో చిన్న కాలమ్ బిగించాలి. అది విడిగా ఒక అధ్యాయం. సమయం ఉంటే చేయండి, లేకపోతే వదిలేయండి.

యంత్రం విషయానికి వస్తే, ట్రిపుల్ క్వాడ్రుపోల్ మీరు అడిగిన దానికి గొప్పగా జవాబు చెబుతుంది. అడగని దాని జోలికి పోదు. ఈ తేడా ఎంత దూరం పోగలదో అమెరికాలోని నార్త్ కరోలినాలో తేలింది. కేప్ ఫియర్ నది పక్కన ఒక ఫ్లోరిన్ రసాయనాల కర్మాగారం ఉంది. పాత పీఎఫ్‌ఓఏ స్థానంలో అక్కడ జెన్‌ఎక్స్ అనే మరో పీఫాస్ వచ్చింది. పాత జాబితాలతో వెతికేవాళ్లకు నీరు మెరుగుపడుతున్నట్లే కనబడి ఉండాలి. మార్క్ స్ట్రైనార్, ఆండ్రూ లిండ్‌స్ట్రోమ్ బృందం హై రిజల్యూషన్ యంత్రంతో ఆ నది నీటిని చూసినప్పుడు, కొన్ని పీక్‌ల మధ్య ద్రవ్యరాశి తేడా పదేపదే 65.9917 వచ్చింది. అది ఒక కార్బన్, రెండు ఫ్లోరిన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన ముక్క బరువు. ఆ ముక్క ఒకటొకటిగా చేరుతూ పెరిగిన ఈథర్ ఆమ్లాల వరుస అలా బయటపడింది. 2016లో డెట్లెఫ్ నాప్పె తదితరులు ప్రచురించిన పత్రంలో దిగువనున్న తాగునీటి కేంద్రానికి వచ్చే నీటిలో జెన్‌ఎక్స్ సగటున లీటరుకు 631 నానోగ్రాములు. అదే నీటిలో ఇంకో ఆరు ఈథర్ ఆమ్లాలు కనబడ్డాయి, వాటిలో మూడింటి పీక్‌లు జెన్‌ఎక్స్ పీక్ కంటే 15 రెట్ల వరకు పెద్దవి. పోల్చడానికి స్టాండర్డ్ (ఆ రసాయనపు స్వచ్ఛమైన నమూనా) దొరకనందున వాటి గాఢత చెప్పలేకపోయారు. మామూలు శుద్ధి వీటిని తొలగించలేదు. 2017లో స్థానిక పత్రిక రాసిన తర్వాతే ఆ నది నీరు తాగే విల్మింగ్టన్ నగర జనానికి తాము ఏం తాగుతున్నారో తెలిసింది.

దీన్నిబట్టి మీకు నేను చెప్పేది: హై రిజల్యూషన్ యంత్రం లేదని అంశం మానుకోనక్కరలేదు, ఆ ప్రశ్నను మాత్రం మానుకోకండి. ఎంపిక చేసిన కొన్ని నమూనాలను, అంటే ముడి నీటివి, శుద్ధి చేసిన నీటివి, బ్లాంక్‌లు, అలాంటి యంత్రం ఉన్న చోట నడిపించుకోండి. హైదరాబాద్‌లోని సీఎస్‌ఐఆర్ సంస్థ ఐఐసీటీ వంటి చోట్ల మాస్ స్పెక్ట్రోమెట్రీలో దశాబ్దాల అనుభవం ఉంది. గైడు ద్వారా ముందే రాతపూర్వకంగా అడిగించండి. సంవత్సరం చివర్లో వెళ్లి బతిమాలుకుంటే సమయం దొరకదు. వచ్చిన ఫలితాలను రాసేటప్పుడు స్విట్జర్లాండ్ నీటి పరిశోధకులు 2014లో ప్రతిపాదించిన అయిదు నమ్మకపు స్థాయిలను పాటించండి. అసలు స్టాండర్డ్‌తో నిలుపుదల సమయం (కాలమ్ దాటడానికి పట్టే సమయం), ముక్కల స్పెక్ట్రమ్ రెండూ సరిపోతేనే మొదటి స్థాయి. కచ్చితమైన ద్రవ్యరాశి ఒక్కటే ఉంటే అది అయిదో స్థాయి, దానికి పేరు పెట్టే హక్కు మీకు లేదు. 332.1405 దగ్గర పీక్ కనబడగానే సిప్రోఫ్లాక్సాసిన్ అని రాయడం ఇప్పటికీ చూస్తున్నాను, బాధేస్తుంది.

శుద్ధి చేసిన నీటిలో మూల రసాయనం కనబడకపోతే అది ఏమయిందో అడగడం కూడా మీ పనే. క్లోరిన్‌తో అది మాయం కాదు, ఇంకోటిగా మారుతుంది. 1974లో రాటర్‌డామ్‌లో యోహానెస్ రూక్ క్లోరిన్ వల్లే తాగునీటిలో క్లోరోఫామ్ జాతి పదార్థాలు పుడుతున్నాయని చూపినప్పటి నుంచి ఈ కథ సాగుతోంది. 2024 నవంబరులో జూలియన్ ఫెయిరీ బృందం క్లోరోనైట్రామైడ్ అయాన్‌ను గుర్తించింది. క్లోరమీన్‌తో శుద్ధి చేసిన నీటిలో తెలియని పదార్థం ఏదో ఏర్పడుతోందని అప్పటికి నాలుగు దశాబ్దాలుగా తెలుసు, అదేమిటో తెలియదు. మన దగ్గర చాలా చోట్ల క్లోరిన్ వాయువే కలుపుతారు, కానీ మురుగు కలిసిన ముడి నీటిలో అమ్మోనియా ఉంటే క్లోరమీన్ తనంతట తానే ఏర్పడుతుంది. అందుకని ప్రతి నమూనాతో పాటు అమ్మోనియా, పీహెచ్, కర్బన పదార్థం, మిగులు క్లోరిన్ కొలవండి. ఖర్చు తక్కువ, మీ ఫలితాలకు అర్థం చెప్పేవి ఇవే.

నమూనాలు పట్టే వేళ గురించి ఒక మాట. ఉదయం పదింటికి ముడి నీరు, పదీ పదిహేనుకు శుద్ధి చేసిన నీరు పట్టి "శుద్ధి సామర్థ్యం 80 శాతం" అని రాస్తుంటారు. ఆ రెండూ వేర్వేరు నీళ్లు. ముడి నీరు క్లారిఫయర్, ఇసుక వడపోత, క్లోరిన్ తొట్టి దాటడానికి గంటలు పడుతుంది. కేంద్రం ఆపరేటర్ దగ్గర కూర్చుని ప్రవాహం, తొట్ల పరిమాణం అడిగి ఆ ఆలస్యం లెక్కగట్టి, అంత సేపు ఆగి రెండో నమూనా పట్టండి. వీలైతే 24 గంటల మిశ్రమ నమూనా తీయండి. ఏడాదిలో తొలకరి వానల తర్వాతి రోజులను వదలకండి. పొలాల్లో కొట్టినదంతా ఒక్కసారిగా వాగుల్లోకి దిగేది అప్పుడే.

అంకెలు వచ్చాక వాటిని ఊరివాళ్లకు, అధికారులకు ఎలా చెబుతారనేది కూడా సినాప్సిస్‌లోనే రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012 నివేదిక ప్రకారం శుద్ధి చేసిన తాగునీటిలో మందుల గాఢత సాధారణంగా లీటరుకు 50 నానోగ్రాముల లోపే ఉంటుంది, ఆ స్థాయిలో ఆరోగ్యానికి నేరుగా హాని జరిగే అవకాశం చాలా తక్కువ. మీకు 12 నానోగ్రాముల కార్బమజెపిన్ దొరికితే జనాన్ని భయపెట్టే హక్కు మీకు లేదు. పటాన్‌చెరు బావుల వంటివి దొరికితే పత్రం అచ్చయ్యేదాకా దాచుకునే హక్కూ లేదు. యాంటీబయాటిక్‌ల విషయంలో మనిషికి హాని చేసే గాఢత కంటే, సూక్ష్మజీవుల్లో మందులను తట్టుకునే శక్తిని పెంచే గాఢత చాలా తక్కువ అని గుర్తుంచుకోండి. సిప్రోఫ్లాక్సాసిన్‌కు పరిశోధకులు ప్రతిపాదించిన విలువ లీటరుకు 64 నానోగ్రాములు. ఏ గాఢత దాటితే ఎవరికి, ఎన్ని రోజుల్లో, ఏ నిర్ధారణ తర్వాత తెలియజేస్తారో గైడుతో మాట్లాడి ముందే కాగితం మీద పెట్టండి. నీటి సరఫరా శాఖ అనుమతి అడిగేటప్పుడు ఆ కాగితం జతచేస్తే వాళ్లకూ మీ మీద నమ్మకం కుదురుతుంది.

ఈ నెలలో చేయాల్సింది: జాబితాను 20కి తగ్గించి, వాటి స్టాండర్డ్‌లకు ఇండెంట్ పెట్టండి, విదేశాల నుంచి రావడానికి నెలలు పడతాయి. అవి వచ్చేలోపు శుద్ధి కేంద్రానికి వెళ్లి ఆలస్యం లెక్క తేల్చండి, ఉన్న రెండు మూడు రసాయనాలతో క్షేత్ర బ్లాంక్‌లు నడిపి చూడండి. ప్రతి నమూనా నుంచి రాబట్టిన ద్రవంలో సగం మైనస్ 20 డిగ్రీల దగ్గర, తేదీ, చోటు రాసి దాచండి. హై రిజల్యూషన్ యంత్రం మీద సమయం ఎప్పుడు దొరికినా చూపించడానికి నమూనా ఉండాలి. బ్లాంక్ ఫలితాలు వచ్చాక ఇక్కడే పెట్టండి, అంకెలతో సహా చూసి చెబుతాను.